ఇల్లు పంచుకున్నారు, పేరు మరిచారు

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది ఒడిశాలోని బరంపురం. బీఎస్సీలో వృక్షశాస్త్రం చదివి, ఇక్కడే ఎల్‌ఎల్‌బీ పూర్తి చేశాను. ఏడాదిగా జిల్లా కోర్టులో ఒక సీనియర్ సివిల్ వకీలు గారి దగ్గర జూనియర్‌గా ఉన్నాను. నాకు మేధో సంపత్తి చట్టాల మీద ఆసక్తి. కానీ అది ఇంజనీర్ల పని అని, ఢిల్లీలో ఉంటేనే కుదురుతుందని, ఈ గంజాం జిల్లాలో పేటెంట్లు ఎవరికి కావాలని అందరూ అంటున్నారు. మా నాన్నగారు పట్టు నేస్తారు. మా అంచునే మరమగ్గం మీద దింపి సగం ధరకు అమ్ముతుంటే చూస్తూ ఊరుకోవలసి వస్తోంది. ఆ బాధతోనే నేను ఇటువైపు చూస్తున్నాను. మీరు ఎన్నో ఏళ్లుగా ఈ పనిలో ఉన్నారు. నేను ఎక్కడ మొదలుపెట్టాలి? ఇందులో బతకగలనా?
– ఒక పాఠకురాలు, బరంపురం

సమాధానం:

అమ్మా, నా కూతురి ఈడుదానివి కనుక ‘నువ్వు’ అనే రాస్తున్నాను. నీ ఉత్తరంలో నీ వృత్తి, నాన్నగారి మగ్గం రెండూ కలిసి ఉన్నాయి. మగ్గం సంగతి ఒక మాటలో తేలేది కాదు కాబట్టి దాన్ని తరవాత తీసుకుంటాను.

ఇప్పుడున్న సివిల్ ఆఫీసు వదిలి వెళ్తే తప్ప ఈ పని దొరకదని నువ్వు అనుకుంటున్నావు. నేను చెప్పేదల్లా ఒక్కటే. ఆ పని నీ ఆఫీసు బీరువాలోనే ఉంది. నాకు ఆ సంగతి తెలియడానికి పదేళ్లు పట్టింది. ఎలా తెలిసిందో చెబుతాను.

నాది పర్లాకిమిడి. 1994లో మద్రాసు వెళ్లి ట్రేడ్‌మార్కుల పని చేసే ఒక వకీలు గారి దగ్గర చేరాను. అప్పటికి ఆ ఊరి పేరు ఇంకా మారలేదు. 1958 నాటి పాత చట్టం నడుస్తోంది. తొమ్మిదేళ్లు అక్కడ పనిచేసి 2003లో బరంపురం వచ్చేశాను. ఆ సెప్టెంబరు 15న కొత్త ట్రేడ్‌మార్కుల చట్టం, ఒక ప్రాంతపు సరుకు పేరును కాపాడే భౌగోళిక గుర్తింపుల (జీఐ) చట్టం ఒకే రోజున అమల్లోకి వచ్చాయి. రెండూ పార్లమెంటు 1999లో చేసినవే. కొత్త చట్టాలు, సొంత ప్రాంతం, ఇక కక్షిదారులు బారులు తీరతారని నమ్మాను. ఆరు నెలలు ఎవరూ రాలేదు.

మొదట వచ్చినాయన ఆవకాయ, అప్పడాల వ్యాపారి. తండ్రి పెద్ద బజారులో చిన్న దుకాణంతో మొదలుపెట్టి, తన పేరూ తన బొమ్మా వేసిన లేబుల్‌తో సరుకు అమ్మాడు. ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు, మన ఊళ్లో సీసాల మీద ఇప్పటికీ కనిపించే పద్ధతే. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ పెద్దమనుషుల ఎదుట పంచుకున్నారు. ఆ పారీఖత్తు, అంటే పంపకాల పత్రం, నేను చదివాను. ఇల్లు ఉంది, గోదాము ఉంది, పింగాణీ జాడీలు ఎన్నెన్ని ఎవరికో ఉంది, చివరికి రాతి రోలు కూడా ఉంది. లేబుల్ మీద పేరు ఎవరిదన్న మాట ఎక్కడా లేదు. తమ్ముడు ఇచ్ఛాపురం వెళ్లి అక్కడ వ్యాపారం పెట్టుకున్నాడు. పాతిక కిలోమీటర్ల దూరంలో రెండు దుకాణాలు, రెండింటి మీదా ఒకే తండ్రి ముఖం. అన్నకు దగ్గరి ట్రేడ్‌మార్కుల కార్యాలయం కోల్‌కతా, రాష్ట్రం దాటిన తమ్ముడికి చెన్నై. దేశానికంతా రిజిస్టరు ఒక్కటే గనుక ఇద్దరి దరఖాస్తులూ ఎదురుపడక తప్పలేదు.

నేను అన్న తరఫు. దరఖాస్తులో ‘ఈ గుర్తు ఎప్పటి నుంచి వాడుకలో ఉంది’ అనే గడి ఒకటి ఉంటుంది. ఆయన 1971 అన్నాడు, నేను 1971 అని నింపాను. తమ్ముడు అభ్యంతరం వేశాక సాక్ష్యం పెట్టవలసి వచ్చి బిల్లులు తెమ్మంటే, దొరికిన వాటిలో అన్నిటికన్నా పాతది 1983 నాటిది. కాగితం చూడకుండా సంవత్సరం రాయడం పూర్తిగా నా తప్పు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునే మాట చెప్పాడు. అడగవలసింది, వెతికించవలసింది నేను.

దిక్కు తోచక వాళ్ల ఇంటికి వెళ్లి వాళ్లమ్మ గారి ముందు కూర్చున్నాను. ఆవిడ అటక మీది రేకు పెట్టె దింపించారు. అందులో తెలుగులో రాసిన జమాఖర్చు పుస్తకాలు, అచ్చాఫీసు రసీదులు ఉన్నాయి. లేబుళ్లు అచ్చు వేయించినందుకు 1978లో ఇచ్చిన రసీదు ఒకటి దొరికింది. దాని మీద తండ్రి పేరు, ‘అండ్ సన్స్’ అని ఉంది. ఒక కొడుకు కాదు, కొడుకులు. అది నా వాదనకు గొడ్డలిపెట్టు, కాని నిజం అది. అన్నను కూర్చోబెట్టి, పేరు నీ ఒక్కడిదే అనే మాట నిలబడదని చెప్పాను. ఆయన నా మీద కోపగించుకుని నెల రోజులు రాలేదు. తరవాత తల్లి పూనికతో రాజీ అయింది. పేరు అన్నకు, దానికి కట్టిన విలువ తమ్ముడికి. తమ్ముడు ఏడాదిలోపు పాత సరుకు అమ్ముకుని కొత్త లేబుల్‌కు మారాలి. ఆ బదలాయింపును రిజిస్టరులో ఎక్కించేదాకా నేను నిద్రపోలేదు. ఎక్కించకపోతే మనవళ్ల కాలంలో మళ్లీ మొదలవుతుంది.

ఇప్పుడు నీ సీనియర్ గారి బీరువా తలచుకో. అందులో ఎన్ని పారీఖత్తులు, భాగస్వామ్య ఒప్పందాలు, భాగస్వామ్యం రద్దు పత్రాలు ఉంటాయి? అందులో ఎన్నింటిలో వ్యాపారం పేరు గురించి ఒక్క పేరా ఉంది? మన వైపు మేధో సంపత్తి అంటే తొంభై పాళ్లు ఇదే. తాత పెట్టిన హోటలు పేరు, మామగారు నడిపిన అగరుబత్తుల గుర్తు, ఇద్దరు స్నేహితులు కలిసి పెట్టి విడిపోయిన మసాలాల వ్యాపారం. ఇలాంటి పత్రం నీ చేతికి వచ్చినప్పుడల్లా పేరు ఎవరికి, బొమ్మ ఎవరికి, పాత సరుకు ఎన్నాళ్లు అమ్మవచ్చు అని మీ సీనియర్ గారిని అడిగి ఒక పేరా చేర్పించు. రెండేళ్లలో నీ దగ్గరకు వచ్చే కక్షిదారులు అక్కడి నుంచే వస్తారు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోరాదు గనుక మనకు ఉన్న దారి కూడా అదే.

అర్హతల సంగతి త్వరగా చెబుతాను. ట్రేడ్‌మార్కులు, కాపీరైటు, డిజైన్లు, జీఐ పనులకు నీ వకీలు సన్నదు చాలు. పేటెంట్ దరఖాస్తులు రాసి, దాఖలు చేసి నడపడానికి మాత్రం పేటెంట్ ఏజెంటుగా నమోదు కావాలి. 1970 నాటి పేటెంట్ల చట్టం 126వ సెక్షన్ అడిగేది సైన్సు, ఇంజనీరింగు లేదా సాంకేతిక విద్యలో డిగ్రీ. వృక్షశాస్త్రం సైన్సే. కాబట్టి ‘ఇంజనీర్ల పని’ అన్నవాళ్లు చట్టం చదవలేదు. పరీక్షలో రెండు పేపర్లు, మౌఖిక పరీక్ష ఉంటాయి. ప్రతి పేపరులో 50 శాతం, మొత్తం మీద 60 శాతం రావాలి. అది ఏటా క్రమంగా జరగదు, ప్రకటన పడినప్పుడు సిద్ధంగా ఉండాలి. రెండో పేపరు దరఖాస్తు రాయడం మీద ఉంటుంది. బట్టీ పట్టినవాళ్లు అక్కడే ఆగిపోతారు.

నీ వృక్షశాస్త్రానికి ఇంకో తలుపు ఉంది, అది నాకు లేక ఎన్నోసార్లు చిన్నబోయాను. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. రైతు తాను కాపాడుకుంటూ వచ్చిన వరి రకాన్ని తన పేర నమోదు చేసుకోవచ్చు, రైతులకు ఫీజు లేదు, పంట మొక్కలకు 15 ఏళ్ల రక్షణ ఉంటుంది. మన దక్షిణ ఒడిశాలోనే ఉన్న కోరాపుట్ జిల్లా వరి విత్తనాల గని. వందలాది దేశవాళీ రకాలను సేకరించి కాపాడిన అక్కడి గిరిజన రైతు కమలా పూజారి గారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024 జనవరిలో జీఐ నమోదైంది. ఒక రకానికీ ఇంకోదానికీ తేడా ఎక్కడుందో గింజ చూసి, పొట్ట చూసి, కంకి చూసి చెప్పగల వకీళ్లు ఎంతమంది ఉంటారు? నువ్వు ఉండవచ్చు.

కాదని చెప్పడం కూడా నేర్చుకోవాలి. గుణుపురం నుంచి ఒకాయన మోకాళ్ల నొప్పుల తైలానికి పేటెంటు కావాలని వచ్చాడు. తాతల నాటి మూలికల కల్కం అది. పరంపరగా తెలిసిన విజ్ఞానానికి పేటెంటు రాదని పేటెంట్ల చట్టం 3వ సెక్షన్‌లోని ‘పి’ ఖండం చెబుతోంది. అది మనల్ని కాపాడే నిబంధన కూడాను. పసుపుతో గాయాలు మానతాయన్న దాని మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది కూడా ఇది పాత విద్యే అన్న వాదనతోనే. ఆయనతో ‘పేటెంటు రాదు, మీ తైలానికి మంచి పేరు పెట్టి ఆ పేరు నమోదు చేసుకోండి’ అన్నాను. ఇంకొకాయన జీడిగింజలు పగలగొట్టే చిన్న యంత్రం చేశాడు, నిజంగా కొత్తది. కాని నా దగ్గరకు రాకముందే ఒక సంతలో అందరికీ ఆడించి చూపించి, వీడియో తీసి లోకానికంతా పంచాడు. కొత్తదనం ఆ రోజే పోయింది. ఆ యంత్రం తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది. ముందు దరఖాస్తు, తరవాత ప్రదర్శన. ఈ నాలుగు మాటలు మన ఊళ్లలో ఐటీఐల్లో, ఇంజనీరింగు కాలేజీల్లో చెప్పి రావడం నీ మొదటి పనుల్లో ఒకటి చేసుకో, ఎవరూ డబ్బు ఇవ్వకపోయినా సరే.

ఇక నాన్నగారి చీర.

బరంపురం పట్టా, ఫోడా కుంభ చీర, జోడా అన్న పేర్లతో మన పట్టుకు జీఐ నమోదై ఉంది. ఊళ్లో చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకున్నారు. నమోదు అయింది ఆ పేరు. నేసే మనిషి తన వంతుగా ‘అధీకృత వినియోగదారు’గా రిజిస్టరులోకి ఎక్కాలి. ఆ రుసుమును 2020లో 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించారు. పది రూపాయలు! నాన్నగారి పేరు అందులో ఉందా? లేకపోతే ఆయన సొంత చీర మీద ఆయనకే ఆ పేరు వాడుకునే చట్టబద్ధమైన హక్కు పూర్తిగా చేతికి రాదు, దావా వేసే బలమూ ఉండదు.

తరవాత, మరమగ్గం చీర అమ్మేవాడు ఏమని అమ్ముతున్నాడన్నది చూడాలి. ‘బరంపురం పట్టు’ అని బోర్డు మీదో బిల్లు మీదో రాస్తే, లేక ఇక్కడిదే అని నమ్మించేలా చూపిస్తే, అది జీఐ ఉల్లంఘన. ఏ పేరూ చెప్పకుండా కుంభం అంచు మాత్రం దింపి ‘డిజైనర్ చీర’ అంటే జీఐ కింద పట్టుకోవడం కష్టం. ఆ గుడి గోపురపు అంచు తరతరాలది గనుక దాన్ని కొత్త డిజైనుగా నమోదు చేయించడమూ కుదరదు. ఈ మాట నీకు చేదుగా ఉంటుందని తెలుసు. ఆశ పెట్టి ఫీజు తీసుకునేవాళ్లు ఉంటారు కనుకే ముందుగా చెబుతున్నాను.

అయితే కిటికీలు ఇంకా ఉన్నాయి. నాన్నగారు కుంభానికి తోడు కొంగులో, ఒంట్లో సొంతంగా కొత్త కూర్పు ఏదైనా వేసి ఉంటే డిజైన్ల చట్టం కింద పదేళ్లు, ఆపైన ఇంకో ఐదేళ్లు రక్షణ దొరుకుతుంది. షరతు అదే, బయటికి చూపించకముందే దరఖాస్తు వేయాలి. నేతగాళ్ల ఇళ్లలో కొత్త చీర మగ్గం దిగగానే ఫోటో తీసి షావుకారికి వాట్సాప్‌లో పంపడం అలవాటైంది. అది మానిపించగలిగితే సగం గెలిచినట్టే. డిజైనుగా నమోదు చేయదగినదాన్ని నమోదు చేయకుండా, హక్కుదారు తానుగా గానీ అతని అనుమతితో గానీ పారిశ్రామిక పద్ధతిలో యాభైకి మించి వేస్తే దాని మీద కాపీరైటు కూడా పోతుందని కాపీరైటు చట్టం 15వ సెక్షన్ అంటుంది. చాలామంది వకీళ్లు కూడా దీన్ని గమనించరు.

మేధో సంపత్తి పుస్తకాల్లో కనిపించని చట్టం ఇంకొకటి ఉంది. చేనేతకు కొన్ని రకాల వస్త్రాలను కేటాయిస్తూ 1985లో చేసిన చట్టం. నిర్ణీత లక్షణాలున్న చీరలను మరమగ్గం మీద నేయడమే దాని కింద నేరం. 1993లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. నీ కేసులో అంచు ఎవరిదన్న వాదన కంటే అది ఏ మగ్గం మీద నేశారన్న ప్రశ్నే బలంగా నిలబడవచ్చు. ఈ పనిలో పండినవాళ్లు తమ చట్టాన్నే పట్టుకుని వేలాడరు. కక్షిదారుకు పక్క చట్టం పనికొస్తే అటు నడుస్తారు.

సాక్ష్యం మాటకు వస్తే, నువ్వే వెళ్లి ఆ చీర ఒకటి కొను. బిల్లు అడుగు. బిల్లు మీద చీర పేరు రాయించు. దుకాణం బోర్డు, చీరకు కట్టిన చీటీ ఫోటో తియ్యి. తేదీ వేసి కవరులో పెట్టు. నీ కోపం ఎంత న్యాయమైనదైనా జడ్జి గారి ముందు పలికేది ఆ బిల్లే.

ఢిల్లీ గురించి. వెళ్లు, కాని ఢిల్లీయే కానక్కరలేదు. చెన్నై, కోల్‌కతా, హైదరాబాదు ఏదైనా సరే, ఒక గట్టి సీనియర్ దగ్గర రెండు మూడేళ్లు పని నేర్చుకో. నా సలహా చెన్నై. జీఐ రిజిస్ట్రీ అక్కడే ఉంది, మద్రాసు హైకోర్టులో 2023లో మేధో సంపత్తి విభాగం ప్రత్యేకంగా ఏర్పడింది. 2021 ఏప్రిల్‌లో మేధో సంపత్తి అప్పీళ్ల బోర్డు రద్దయ్యాక రిజిస్ట్రార్ ఉత్తర్వుల మీద అప్పీళ్లు హైకోర్టులకే వెళ్తున్నాయి. కాబట్టి ఫారాలు నింపడం ఒక్కటే వస్తే చాలదు, నిలబడి వాదించడం రావాలి. పెద్ద ఊళ్లో నేర్చుకోవలసింది ముఖ్యంగా గడువుల క్రమశిక్షణ. గుర్తును పరిశీలించి ట్రేడ్‌మార్కుల కార్యాలయం పంపే పరీక్షా నివేదికకు 30 రోజుల్లో జవాబు, ఆ కార్యాలయపు అధికారిక పత్రికలో పడిన గుర్తు మీద అభ్యంతరానికి నాలుగు నెలలు, పదేళ్లకోసారి పునరుద్ధరణ. సివిల్ కోర్టులో వాయిదా అడిగితే దొరుకుతుంది. అభ్యంతరం గడువు నాలుగు నెలలు దాటితే ఎవరి కాళ్లు పట్టుకున్నా దొరకదు. నేను ఇప్పటికీ రెండు డైరీల్లో రాసుకుంటాను, ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో.

నేర్చుకున్నాక మాత్రం తిరిగి రా. దరఖాస్తులు ఇప్పుడు చాలావరకు కంప్యూటర్ ముందు కూర్చుని వేసేవే. బరంపురంలో తెలుగు వకీళ్లకు పెద్ద పరంపర ఉంది. వి.వి. గిరి గారు 1894లో ఇక్కడే పుట్టారు, తండ్రి జోగయ్య పంతులు గారు ఇక్కడ పేరున్న వకీలు. నీకు ఆ పరంపరతో పాటు రెండు భాషలూ చేతిలో ఉన్నాయి, దాని విలువ నీకు ఇంకా తెలిసినట్టు లేదు. గుర్తులో తెలుగు మాటో ఒడియా మాటో ఉంటే దాని ఉచ్చారణ, అర్థం దరఖాస్తులో రాయాలి. ఒకసారి ఒక పచ్చళ్ల వ్యాపారి ‘కమ్మని’ అన్న మాట తన ఒక్కడిదే కావాలన్నాడు. తెలుగు రాని అధికారికి అది కొత్తగా కల్పించిన పేరులా కనిపించవచ్చు. అర్థం దాచి దాటించవచ్చు కదా అని ఆయన అడిగాడు. నేను ఒప్పుకోలేదు. రుచిని వర్ణించే మాటను ఒకడికి రాసిస్తే మిగతా పచ్చళ్లవాళ్లందరి నోరు కట్టినట్టే. భాష తెలిసిన వకీలు మీద ఆ బాధ్యత ఎక్కువ.

బతకగలవా అని అడిగావు. మొదటి మూడేళ్లు ఈ పని ఒక్కటే నీకు అన్నం పెట్టదు. నాకూ పెట్టలేదు, దస్తావేజులు రాసి నెట్టుకొచ్చాను. సివిల్ పని వదలవద్దనడానికి అదీ ఒక కారణం. ఆపైన కుదురుకుంటుంది, ఎందుకంటే ఒకసారి పేరు నమోదు చేయించుకున్న కుటుంబం పదేళ్ల తరవాత నీ దగ్గరకే వస్తుంది. ట్రేడ్‌మార్కు నమోదుకు ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ రుసుము సరుకుల తరగతి ఒక్కోదానికి వ్యక్తులకు, చిన్న సంస్థలకు 4,500 రూపాయలు, ఇతరులకు 9,000. సంస్థకు ఉద్యం (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉంటే ఆ సగం మిగులుతుందని కక్షిదారుకు నువ్వే చెప్పు. పచ్చళ్లు 29వ తరగతి, అప్పడాలు 30వ తరగతి. రెండూ అమ్మేవాడి చేత రెండూ వేయించు, ఒక్కటే అమ్మేవాడి చేత రెండూ వేయించకు.

వచ్చే ఆదివారం ఒక పని చెయ్యి. నాన్నగారిని తీసుకుని నేతగాళ్ల సొసైటీకి వెళ్లి, అధీకృత వినియోగదారుల జాబితాలో ఆయన పేరు ఉందో లేదో చూడు. ఇంటికి వచ్చాక అటక మీద పెట్టె ఉంటే దింపించి, పట్టునూలు కొన్న రసీదులు, చీరలు అమ్మిన చీటీలు ఏ సంవత్సరం నుంచి ఉన్నాయో వరసగా పేర్చు. అన్నిటికన్నా పాతది ఏ సంవత్సరానిదో నాకు రాయి.